అడిగినంత ఇవ్వని ఇంజిన్

"ఎంత పెరుగుతది మేడమ్?"

కారు దిగుతూనే ప్రణీత్ అడిగిన మొదటి మాట అదే. నిషితకు ఆశ్చర్యమేమీ కలగలేదు. కిష్టారెడ్డిపేట దాటాక సుల్తాన్‌పూర్ వెళ్లే దారిలో, అపార్ట్‌మెంట్లు అయిపోయి జొన్నచేలు మొదలయ్యే చోట ఆమె షెడ్డు పెట్టి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ట్యూనింగ్ కోసం అక్కడ ఆగినవాళ్లలో సగానికి పైగా ఈ మాటతోనే మొదలుపెట్టారు. పేరు తర్వాత చెప్తారు, కారుకున్న బాధ తర్వాత చెప్తారు. ముందు ఎంత పెరుగుతుందో తెలియాలి.

"ఏది పెరగాలె సార్?" అంది నిషిత, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"బలం. పికప్. మా ఆఫీసుల ఒకాయన చేయించుకున్నడు. కంప్యూటర్ పెట్టి ఏదో మార్చిన్రంట, కారు గుర్రం లెక్క ఉరుకుతుందంట."

ముప్పై అయిదు, ముప్పై ఆరేళ్ల మనిషి. అమీన్‌పూర్ చెరువు పక్కన ఫ్లాటు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కారు నాలుగేళ్ల నాటిది, ఇంజిన్‌లోకి గాలిని జోరుగా నెట్టే టర్బో ఉన్న పెట్రోలు బండి. బయట శుభ్రంగా, లోపల వెనక సీట్లో పిల్ల బిస్కెట్ల పొడితో, ఇంటికి బాగా వాడుకునే కారులాగే ఉంది.

నిషిత స్టీరింగు కింద ఉన్న ప్లగ్గులో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి గుచ్చింది. "మూడు రోజులు దీన్ని ఇట్లనే ఉంచి ఎప్పటిలెక్క ఆఫీసుకు పోయి రండి. నాలుగోనాడు తీసుకురండి. అప్పుడు చెప్తా."

"ఇయ్యాలనే చెయ్యరా?"

"డాక్టరు నాడి పట్టకుంటనే సూది ఇస్తడా సార్?"

ప్రణీత్‌కు ఆ జవాబు అంతగా నచ్చలేదు. అయినా డబ్బాతోనే వెళ్లాడు.

నిషితకు ఇంజిన్లతో స్నేహం కుదిరింది ఇంట్లో కాదు. తండ్రి కొమురయ్యది వ్యవసాయం. సుల్తాన్‌పూర్ పక్కన ఉన్న పొలంలో చాలా భాగం ఫ్యాక్టరీల కోసం పోగా, రోడ్డుకు ఆనుకున్న ముక్క ఒకటి మిగిలింది. నిషిత సంగారెడ్డిలో మెకానికల్ డిప్లొమా చదివి, పటాన్‌చెరులో ఇంజిన్లు తయారుచేసే ఒక కంపెనీలో టెస్టింగ్ విభాగంలో చేరింది. అద్దాల గదిలో ఇంజిన్‌ను బిగించి, పూర్తి బలంతో వందల గంటలు నడిపించి, అది ఎప్పుడు ఎక్కడ విరుగుతుందో చూడటం అక్కడి పని. ఎనిమిదేళ్లు చూసింది. చప్పుడు తట్టుకోవడానికి చెవులకు మఫ్‌లు పెట్టుకుని, కళ్లు మీటర్ల మీద పెట్టి, ఇనుముకు ఎంత ఓర్పు ఉంటుందో, ఆ ఓర్పు అయిపోయే ముందు అది ఏ రకంగా మూలుగుతుందో నేర్చుకుంది. ఆ షిఫ్టులో ఆడమనిషి ఆమె ఒక్కతే. మొదటి ఏడాది అందరూ ఆమెను చూశారు. రెండో ఏడాది నుంచి ఆమె చెప్పే అంకెలను చూశారు.

తర్వాత కంపెనీ ఆ విభాగాన్ని వేరే రాష్ట్రానికి మార్చింది. అక్కడికి పొమ్మన్నారు, లేదంటే ఇక్కడే స్టోర్స్‌లో కూర్చోమన్నారు. నట్లూ బోల్టులూ లెక్కపెడుతూ కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. "నాయినా, మన రోడ్డు పక్క జాగల షెడ్డు వేసుకుంట" అంది. కొమురయ్య ఒక్క పూట ఆలోచించి, "వెయ్యి బిడ్డా. జొన్నలకంటె అది నయమే" అన్నాడు.

మొదట ట్యూనింగ్ చేసింది అన్న మహేష్ కారుకే. ఇప్పటి కార్లలో ఇంజిన్‌కు ఎంత గాలి, ఎంత ఇంధనం వెళ్లాలో ఒక చిన్న కంప్యూటర్ చెప్తుంది. ఆ కంప్యూటర్‌లో ఉన్న లెక్కలు మారిస్తే అదే ఇంజిన్ ఎక్కువ బలం ఇస్తుంది. నిషిత మార్చింది. మహేష్ డీజిల్ బండికి పావు వంతు బలం పెరిగింది. మూడు నెలలు అతను కనపడిన ప్రతివాడినీ కారులో ఎక్కించుకుని చూపించాడు. నాలుగో నెలలో ఇంటిల్లిపాదీ జహీరాబాద్ పెళ్లికి పోతుంటే, సదాశివపేట దాటాక కారులోంచి మాడు వాసన వచ్చింది. ఇంజిన్ గర్జిస్తోంది కానీ చక్రాలు తిరగడం లేదు. క్లచ్ కాలిపోయింది.

పట్టుచీర కట్టుకున్న తల్లి మల్లమ్మ, పెళ్లికి తీసుకుపోతున్న బట్టల మూట మీదే రోడ్డు పక్కన కూర్చుంది. కూతురిని తిట్టలేదు. కొంతసేపు కారునే చూసి, "ఎద్దుకు బలమొస్తే సరిపాయెనా బిడ్డా? కాడికి రావద్దా?" అంది.

చదువుకోని తల్లి అన్న ఆ మాట, నిషితకు ఎనిమిదేళ్ల టెస్టింగ్ గదిలో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. అక్కడ ఇంజిన్ ఒక్కటే బిగించి నడిపేవారు. రోడ్డు మీద ఇంజిన్ వెనక క్లచ్ ఉంటుంది, గేర్‌బాక్సు ఉంటుంది, బ్రేకులుంటాయి, పట్టుచీర కట్టుకున్న తల్లి ఉంటుంది. అన్న కారులో పాత లెక్కలే తిరిగి పెట్టింది. కొత్త క్లచ్ తన చేతులతోనే బిగించింది. ఆ రోజు నుంచి కొలవకుండా ఏ బండి మీదా చెయ్యి వేయలేదు.

నాలుగోనాడు ప్రణీత్ వచ్చేసరికి షెడ్డులో ఇంకొక బండి ఉంది. ఏడుగురు పట్టే డీజిల్ కారు. సంగారెడ్డిలో కందులు, శనగలు కొని అమ్మే బద్రీనాథ్‌ది. ఆయన కుర్చీలో కూర్చుని కొమురయ్యతో ఈ ఏటి కంది పంట గురించి మాట్లాడుతున్నాడు. కారు ముందు సీట్లో ల్యాప్‌టాప్, దాని నుంచి స్టీరింగు కిందికి కేబుల్.

నిషిత ప్రణీత్ కారులోని డబ్బా తీసి, అందులో నమోదైన లెక్కలు ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించి చూసింది. తర్వాత అతన్ని పిలిచి తెర చూపించింది.

"మూడు రోజులల్ల మీరు పోవుడు, వచ్చుడు కలిపి ఏడు గంటలు నడిపిన్రు. గీ ఏడు గంటలల్ల యాక్సిలరేటర్ సగం కంటె ఎక్కువ తొక్కింది ఎంతసేపో చూడండి."

ప్రణీత్ వంగి చూశాడు. నలభై ఒక్క సెకండ్లు.

"అందుల ఇరవై ఆరు సెకండ్లు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లకెళ్లి పైకి ఎక్కేటప్పటియి" అంది నిషిత. "బీరంగూడ కాడ ఆగుడు, లింగంపల్లి కాడ ఆగుడు. ఉన్న బలంల సగం కూడ వాడుతలేరు సార్. ఇంక పెంచి ఏం చేస్తరు? మీ కారుకు ట్యూనింగ్ అక్కర లేదు."

ప్రణీత్ ముఖం ఎర్రబడింది. అతని చూపు పక్క కారులోని ల్యాప్‌టాప్ మీద పడింది. "మరి అదేంది? ఆయనకు చేస్తున్నరు కదా!"

"సేటుది వేరే కథ. ఆయన వారానికి రెండుసార్లు ఆరుగురు మనుషులతోని, పైన సరుకు నమూనాల మూటలతోని బీదర్ దాక పోతడు. ఎక్కు మీద లారీ వెనక చిక్కితే బండి గోస పడుతది. గీ కంపెనీయే, గిదే ఇంజిన్‌ను ఎక్కువ ధర మోడల్‌ల ఇంకెక్కువ బలానికి అమ్ముతున్నది. అంటే ఇనుము ఓర్చుకుంటదని వాళ్లే చెప్పినట్టు. వారంటీ అయిపోయింది. క్లచ్ గట్టిది వేసినం. పొగ కొలిచి, హద్దులనే ఉండేటట్టు జెరంత పెంచుతున్న. ఇన్సూరెన్సోళ్లకు కాగితం రాసి పంపినంకనే కేబుల్ పెట్టిన. ఇన్ని కుదిరితే ట్యూనింగ్ మంచిదే. మీకు ఒక్కటి కూడ కుదరలే."

బద్రీనాథ్ కుర్చీలోంచే అందుకున్నాడు. "నన్ను కూడ రెండు నెలలు తిప్పింది సార్. మొదటిసారి వస్తే టైర్లల్ల గాలి సక్కగ లేదు, ఎయిర్ ఫిల్టర్ మట్టికొట్టుకపోయింది, గవి చూసుకొని రమ్మని పంపింది. అంగట్ల కూసొని తన సరుకు వద్దని చెప్పేటోళ్లను నలభై ఏండ్లల్ల నేను ఇద్దర్నో ముగ్గుర్నో చూసిన. అసొంటోళ్ల దగ్గర కండ్లు మూసుకొని కొనొచ్చు."

ప్రణీత్ తాళాలు తీసుకుని కారు దాకా నడిచాడు. తలుపు తీసి, మళ్లీ వేసి, వెనక్కి వచ్చాడు.

"మేడమ్, బలం పెంచుమన్నది నా కోసం కాదు" అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడ కోసం."

అతని భార్య భవ్యశ్రీ సుల్తాన్‌పూర్ పారిశ్రామిక పార్కులోనే, వైద్య పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. తొమ్మిదేళ్లుగా కారు నడుపుతోంది. నిజానికి ప్రణీత్‌కంటే ముందే నేర్చుకుంది. ఐదు నెలల కింద నర్సాపూర్‌లో చుట్టాల ఇంటి నుంచి కూతురు అక్షరతో, అత్తామామలతో సంగారెడ్డి వైపు వస్తూ, ముందు పోతున్న చెరుకు ట్రాక్టర్‌ను దాటబోయింది. ఎదురుగా బస్సు వచ్చింది. దాటడానికి చాలినంత దూరం ఉంది, కానీ కారు లేవలేదు. బస్సు డ్రైవర్ మట్టిలోకి దింపబట్టి బతికారు. ఆయన దిగివచ్చి, "నడపరాకపోతే ఎందుకు తీస్తరమ్మా బండి" అని నడిరోడ్డు మీద అరిచాడు. ఆ రోజు నుంచి ఆమె స్టీరింగు ముట్టలేదు. ఇంటి నుంచి ఆఫీసుకు రెండు ఆటోలు మారి వెళ్తోంది.

"సర్వీస్ సెంటర్‌ల రెండుసార్లు చూపించిన. అంత మంచిగనే ఉన్నదన్నరు" అన్నాడు ప్రణీత్. "ఆమెది భయమే అనుకున్న. కారుకు బలం పెంచితే ధైర్యమొస్తదేమో, మళ్ల నడుపుతదేమో అని..."

నిషిత అప్పటికే వినడం ఆపి ఆలోచించడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లు నడిపిన మనిషికి దూరం అంచనా తప్పడం చాలా అరుదు. కారు లేవలేదు అని ఆమె అన్నదంటే, మొదట చూడవలసింది ఆమె కాలునా, కారునా?

"శుక్రవారం పొద్దున అక్కను తీసుకురండి" అంది. "నడపమనను. ఆ రోజు ఏమైందో ఆమె నోటితోనే నేను వినాలె."

భవ్యశ్రీ శుక్రవారం సెలవు పెట్టి వచ్చింది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. కారును చూసినప్పుడు మాత్రం చూపు పక్కకు తిప్పుకుంది. నిషిత ముందు కుర్చీలో కూర్చుని, రిపోర్టు చదివినట్టు చెప్పింది. "మూడో గేరుల ఉన్న. ఫుల్లుగ తొక్కిన. చప్పుడు పెరిగింది, స్పీడు పెరగలే. ఇదే మాట ఇంట్ల చెప్పిన, సర్వీస్ సెంటర్‌ల చెప్పిన. భయంల సగమే తొక్కి ఉంటవన్నరు. ఐదు నెలల సంది వినీ వినీ, నాకు కూడ గట్లనే అయ్యుంటదేమో అనిపిస్తున్నది."

నిషిత కారుకు కేబుల్ పెట్టి, ల్యాప్‌టాప్ ఆమె ఒడిలోనే పెట్టింది. "రెండు గీతలొస్తయ్ అక్కా. పచ్చది, ఇంజిన్ కంప్యూటర్ టర్బోను ఎంత గాలి అడుగుతున్నదో చెప్తది. ఎర్రది, నిజంగ ఎంతొస్తున్నదో చెప్తది. రెండు కలిసి పోతే బండి మంచిగున్నట్టు. నేను నడుపుత, మీరు చూస్తుండండి."

షెడ్డు వెనక ఇళ్లు కట్టని లేఅవుట్‌లో ఖాళీ తారురోడ్డు ఉంది, కొంచెం ఎత్తు కూడా. నిషిత మూడో గేరులో పూర్తిగా తొక్కింది. కారు చక్కగా లేచింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి పోయాయి. మళ్లీ తొక్కింది, మళ్లీ అంతే.

ముందు సీట్లో ఉన్న ప్రణీత్ వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆ చూపులో భవ్యశ్రీకి పాత మాటే వినిపించింది. ఆమె ల్యాప్‌టాప్ మూసేయబోయింది.

"ఆగండక్కా" అంది నిషిత. టెస్టింగ్ గదిలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఇంజిన్ ఏ స్థితిలో చెడిందన్నారో ఆ స్థితికి తీసుకుపోకుండా బాగుందని రాయకూడదు. "ఆ రోజు బండి ఎంతసేపు నడిచినంక అయింది?"

"గంట అయుంటది. ఎండ బాగుండె."

"ఏసీ?"

"ఫుల్లుగ పెట్టినం."

"నలుగురి బరువు కావాలె అయితే." నిషిత షెడ్డు వైపు తిరిగి కేకేసింది. "నాయినా! వచ్చి ఎనక కూసో, నర్సాపూర్ రోడ్డుకు పోదాం."

కొమురయ్య తలపాగా సర్దుకుంటూ వచ్చి ఎక్కాడు. "నా బరువు గిట్ల పనికొస్తదని ఎన్నడనుకోలే" అన్నాడు. ఐదు నెలల్లో మొదటిసారి ఆ కారులో భవ్యశ్రీ నవ్వింది.

పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి దాటి, నర్సాపూర్ రోడ్డు ఎక్కేసరికి పదకొండు కావస్తోంది. వేసవి ఎండ అప్పటికే తారు మీద తళతళలాడుతోంది. ఇంజిన్ బాగా వేడెక్కింది. ముందూ వెనకా ఏ బండీ లేని ఎత్తు చూసి, నిషిత మూడో గేరు వేసి పూర్తిగా తొక్కింది.

చప్పుడు పెరిగింది. కారు మాత్రం బరువుగా, అడుసులో కాళ్లు పెట్టినట్టు నడిచింది.

"విడిపోయినయ్!" అంది భవ్యశ్రీ. "ఎర్రది కిందకు పడిపోయింది. ఇది అడుగుతున్నది, అది ఇస్తలేదు!"

"ఇంకొకసారి చూద్దాం."

మళ్లీ తొక్కింది. మళ్లీ విడిపోయాయి. మూడోసారి కూడా. భవ్యశ్రీ ఫ్యాక్టరీలో ఒక పరికరాన్ని పనికిరాదని పక్కన పెట్టే ముందు మూడుసార్లు కొలిచే మనిషి. మూడోసారి తర్వాత ఆమె ల్యాప్‌టాప్ ముందుకు చాపి భర్త చేతిలో పెట్టింది.

"చూడు. మూడుకు మూడు. పెడల్ వంద శాతం అని కూడ రాసి ఉన్నది."

"ఆ రోజు మీ కాలు సక్కగనే ఉండె అక్కా" అంది నిషిత, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండానే. "బండే మోసం చేసింది."

భవ్యశ్రీ కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఒకటి రెండుసార్లు కదిలాయి. పక్కనున్న కొమురయ్య ఏమీ చూడనట్టు బయట చెరుకు తోటల వైపు చూస్తూ కూర్చున్నాడు. ప్రణీత్ ల్యాప్‌టాప్‌లోని గీతలను సంగారెడ్డి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

షెడ్డుకు వచ్చాక, ఇంజిన్ చల్లారకముందే నిషిత కారును లిఫ్టు మీద పైకెత్తి కిందికి దూరింది. టర్బో నుంచి ఇంజిన్‌కు గాలిని తీసుకుపోయే రబ్బరు గొట్టం ఒకటుంది. దానిలోకి కంప్రెసర్‌తో గాలి పెట్టి, పైన సబ్బు నీళ్లు పూసుకుంటూ పోయింది. అడుగు వైపు, క్లిప్పు బిగించిన చోట బుడగలు ఉబ్బాయి. వేలితో గొట్టాన్ని వంచితే గోరంత చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుంది.

ఇద్దరినీ కిందికి పిలిచి టార్చి వేసి చూపించింది. "చల్లగున్నప్పుడు రబ్బరు బిగిసి ఇది మూసుకొని ఉంటది. వేడెక్కి, లోపల గాలి జోరు పెరిగినప్పుడు తెరుచుకుంటది. సర్వీస్ సెంటర్‌ల బండిని నిలబెట్టి చూసిన్రు, నిలబడ్డప్పుడు ఇది ఎన్నడూ దొరకదు. మీరు ఆఫీసు దారిల సగం కూడ తొక్కరు, అందుకే సార్, మీకు తెల్వలే. అక్క ఒక్కతే బండిని నిజంగ అడిగింది. అడిగినప్పుడే బయటపడ్డది."

"దీనికే నేను ట్యూనింగ్ చేయించేటోన్ని" అన్నాడు ప్రణీత్ నెమ్మదిగా.

"చేయించుంటే కంప్యూటర్ ఇంకెక్కువ గాలి అడిగేది. గొట్టం పూర్తిగ చినుగుతుండె. ఎక్కడ చినుగుతుండెనో దేవునికెరుక."

ప్రణీత్ భార్య వైపు తిరిగాడు. షెడ్డులో కొమురయ్య ఉన్నాడని, నిషిత ఉందని చూసుకోలేదు. "మా అమ్మకు కూడ నేనే చెప్పిన, నువ్వు భయపడ్డవని. తప్పయింది. నీ మాట ఒక్కసారి కూడ నమ్మలే."

"ఇంటికి పోయినంక అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పు" అంది భవ్యశ్రీ. "ఈ గీతలు కూడ పంపు."

కొత్త గొట్టం సోమవారానికి వచ్చింది. నిషిత బిగించి, పాతది ప్రణీత్ అడిగితే ఇచ్చింది. క్లిప్పులు కొత్తవి వేసింది. ఎండలో గంటన్నర తిప్పి, బరువు వేసి, మూడుసార్లు కొలిచింది. రెండు గీతలూ ఎక్కడా విడిపోలేదు. అప్పుడు ఫోన్ చేసింది.

మంగళవారం మధ్యాహ్నం భవ్యశ్రీ ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. ప్రణీత్ ఇంటి నుంచి పనిచేసే రోజు కావడంతో ఆటోలో వచ్చాడు. తాళాలు నిషిత చేతిలో ఉన్నాయి. ఆమె వాటిని భవ్యశ్రీకే అందించింది.

భవ్యశ్రీ తీసుకుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దాలు సర్దుకుంది. ప్రణీత్ వెనక తలుపు తీయబోతే, "నువ్వొద్దు" అంది. "నువ్వు ఎనక కూసుంటే ఉత్తగనే బ్రేకు తొక్కుతుంటవ్. నిషిత వస్తది."

మొదటి కిలోమీటరు ఆమె చేతులు స్టీరింగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నిషిత ధైర్యం చెప్పాలని చూడలేదు. కొలిచిన బండి అది, దాని గురించి ఆమెకు అనుమానం లేదు. నడిపే మనిషి గురించి అంతకన్నా లేదు. సుల్తాన్‌పూర్ దాటాక ఇటుకల ట్రాక్టర్ ఒకటి అడ్డం వచ్చింది, రోడ్డు మధ్యలో, తీరిగ్గా. వెనకే చాలాసేపు పోయారు.

"ముందట కనిపిస్తున్నదా అక్కా?"

"ఆ పాల బండి దాక ఖాళీనే."

"పాల బండి వచ్చేదాక ఆగుతరా?"

భవ్యశ్రీ పాల బండిని పోనిచ్చింది. అద్దంలో చూసింది, ఇండికేటర్ వేసింది, గేరు తగ్గించింది. ఒక్క ఊపిరి తీసుకుని తొక్కింది. కారు ఒక్క ఉదుటున లేచింది. ఇటుకలు, ట్రాక్టర్ మీద పాట పెట్టుకుని కూర్చున్న మనిషి, పెద్ద చక్రం, అన్నీ కిటికీ పక్కనుంచి వెనక్కి జారిపోయాయి. ఎడమకు తిరిగి తన వరసలోకి వచ్చాక కూడా ఎదురుగా రోడ్డు ఇంకా ఖాళీగానే ఉంది.

"గింత సులువా?" అంది. గొంతులో నవ్వు ఉంది. "తొమ్మిదేండ్లు గిట్లనే చేసిన. మర్చిపోయిన!"

ఆ తర్వాత ఆమె చేతులు వదులయ్యాయి. మాటల్లో పడింది. తన విభాగంలో ఇంకో ఇద్దరు కార్లు కొన్నారని, కొన్న మర్నాడే ట్యూనింగ్ ఎక్కడ చేస్తారని అడుగుతున్నారని చెప్పింది. "మీ దగ్గరికి పంపనా?"

"పంపండి" అంది నిషిత. "కొత్త బండ్లయితే ఎక్కువ శాతం వద్దనే చెప్తా. ముందుగాలనే చెప్పి పంపండి, ఇక్కడికొచ్చి నా మీద అలగొద్దు."

"మరి గట్ల చెప్తే మీకెట్ల నడుస్తది?"

"పోయిన నెల పదకొండు బండ్లొచ్చినయ్ అక్కా. ట్యూనింగ్ చేసింది రెంటికే. కానీ పదకొండింట్ల తొమ్మిదింటికి ఏదో ఒక పని పడ్డది. ఇంజెక్టర్లు కడుగుడు, పట్టేసిన బ్రేకులు వదులు చేసుడు, గొట్టాలు, ప్లగ్గులు. చానమందికి వాళ్ల బండికి కంపెనీ ఇచ్చిన బలం ఎంతనో కూడ తెల్వది, ఎందుకంటే అది ఎన్నడో సగం పోయి ఉంటది. పోయింది తెచ్చిచ్చుడే నా పని. కొత్తది కలుపుడు, ఎవరికో ఒకరికి నిజంగ అక్కరపడితే, అప్పుడు చూస్త."

షెడ్డు ముందు భవ్యశ్రీ కారు ఆపింది, ఇంజిన్ ఆపలేదు. నీడలో నిలబడి ఫోన్ చూసుకుంటున్న ప్రణీత్ పరుగులాంటి నడకతో వచ్చాడు. నిషిత దిగుతుంటే ముందు తలుపు పట్టుకున్నాడు.

"ఎట్లుంది?" అన్నాడు భార్యతో.

"మంచిగుంది. తలుపు వెయ్యి."

"నేను ఎక్కొద్దా?"

"అక్షరకు స్కూల్ విడిచే టైమైంది. తీసుకొచ్చేందుకు నేనొస్తున్నా అని స్కూల్ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పిన. అది ఐదు నెలల సంది ఆటోల వస్తున్నది పాపం. దాన్ని ఎక్కించుకొని చెరువు దాక ఒక రౌండు కొట్టొస్తం. నువ్వు ఆటోల ఇంటికి రా."

కారు కదిలింది. మలుపు దగ్గర ఇండికేటర్ వెలిగింది, తర్వాత జొన్నచేల పక్కనుంచి అమీన్‌పూర్ దారి పట్టింది. ప్రణీత్ కాసేపు ఆ వైపే చూసి, ఏం చేయాలో తోచక షెడ్డులోకి వచ్చాడు. కొమురయ్య పక్కకు జరిగి బెంచీ మీద చోటు ఇచ్చాడు.

"కూసో బిడ్డా, చాయ్ తాగు. ఇక్కడ ఆటో జల్దీ దొరకది."

నిషిత అప్పటికే ఇంకో కారు బానెట్ ఎత్తి, లోపలికి తల వంచింది.